నాన్నది చిన్న మిషన్

మిషన్ నూనె వాసన తగిలితే చాలు, నాకు ఎవరో ఒకరి మీద అనుమానం మొదలవుతుంది. పొద్దున్నే కొట్టు తాళం తీసి, లైట్లు వేసి, మూడు కుట్టు మిషన్లకీ చుక్క చుక్క నూనె పోసి, అది ఇంకేదాకా ఓ పాత గుడ్డ మీద దారం లేకుండా ఉత్తినే రెండు వరసలు కుడతాను. ఆ కాసేపట్లో కొట్టంతా ఒక జిడ్డు జిడ్డు చేదు వాసన కమ్ముకుంటుంది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఇండియన్ గ్రోసరీకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఇరుక్కుపోయిన కొట్టు నాది. వచ్చిన ఆంటీలు ఆది జాకెట్టు బల్ల మీద పెట్టి, నేను టేపు తీసేలోపలే వాళ్ళు నా కొలతలు తీసేస్తారు. ఏ ఊరు, ఏం చదివావు, నాన్నగారు ఏం చేసేవారు. పదకొండో క్లాసు మధ్యలో బడి మానేశానని చెబితే జాకెట్టు వెనక్కి తీసుకుందామా అన్నట్టు దాని మీద చెయ్యి వేస్తారు. ఆ మానేసిన కథలో నేనంత అందంగా కనబడను కాబట్టి ఇక్కడ రాయను. మూడో ప్రశ్న దగ్గర మాత్రం నా నోట్లో సూది ఉన్నా లేకపోయినా మాట ఆగిపోతుంది.

నా చిన్నప్పుడు మా నాన్న ఏం చేస్తారో మా ఇంట్లోనే మూడు రకాలుగా చెప్పుకునేవాళ్ళు.

అప్పటికి మా వీధి సగమే కట్టారు. మిగతా సగంలో ఎర్రమట్టి కుప్పలు, వాటి పక్కన వాననీళ్ళు నిలిచే గుంట, ఏప్రిల్ వచ్చిందంటే ఆ గుంటలో కప్పలు చేసే గోల. వెనకాల పెద్ద పచ్చిక, అందులో ఎవరివో మూడు గుర్రాలు. పచ్చికకి అవతల కిటికీలు లేని పొడుగాటి తెల్లటి బిల్డింగులు, డేటా సెంటర్లు. మా నాయనమ్మది బొబ్బిలి. వచ్చిన మొదటి వారమే ఆ బిల్డింగుల వైపు చెయ్యి అడ్డుపెట్టుకుని చూసి, "కిటికీలు నేని కొంపల్లో ఎవులుంటారే?" అంది. కంప్యూటర్లుంటాయని చెబితే, "కంప్యూటర్లకి అంతేసి ఇల్లు, మనకి ఇంతేసి ఇల్లా?" అని మా వైపే అనుమానంగా చూసింది. మే నెలంతా ఆవిడ ఇంటికి ఆనుకున్న చెక్క అరుగు లాంటి డెక్ మీద దుప్పటి పరిచి వడియాలు పెట్టేది, ఉడతల్ని తోలడానికి నన్ను కాపలా కూర్చోబెట్టేది, కాపలా ఉన్నదే సగం తినేసిందని మళ్ళీ నన్నే పట్టుకునేది. జులై నాలుగున ఇక్కడి స్వాతంత్ర్య దినానికి అందరూ కాల్చేసే కాకరపువ్వొత్తుల్లో మేం నాలుగు పెట్టెలు దాచుకునేవాళ్ళం, దీపావళికి కొట్లలో దొరకవని. నవంబరు నాటికి అవి చెమ్మగిల్లి సగం వెలిగేవి, సగం ఉత్తి పొగ. దసరాకి పక్కింటి శైలజ ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో బొమ్మల కొలువు. మెట్లకి కింద పుస్తకాల అట్టపెట్టెలు, పైన పట్టుచీర, పై మెట్టు మీద దేవుళ్ళు, కింది మెట్టు మీద వాళ్ళ అమ్మాయి నిఖిత డైనోసార్లు. ఆ బేస్‌మెంట్ శనగల వాసన, కార్పెట్ చెమ్మ వాసన, కొత్త పట్టు వాసన కలిసి నాకిప్పటికీ దసరా అంటే అదే.

నాన్న మాత్రం ఈ పండగల్లో ఒక్కదానికీ ఉండేవారు కాదు. ఆయన అమెరికా ప్రభుత్వం తరఫున ఆఫ్రికాలో ఒక చిన్న దేశంలో పని చేసేవారు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళడానికి వీల్లేని చోటు అన్నారు, అందుకని అమ్మ, నాయనమ్మ, నేను ఇక్కడ. ఆ దేశం పేరు నేనూ చెప్పను. పెంపకం అలాంటిది. వెళ్ళేముందు నాయనమ్మ ఎదురుగా కూర్చుని ఆయన నచ్చచెప్పిన తీరు నాకు బాగా గుర్తు. పెద్ద ఎంబసీ కాదమ్మా, చిన్న మిషన్, మొత్తం ఆరుగురమే ఉంటాం అని. నాయనమ్మ తల ఊపింది. మర్నాడు పొద్దున బొబ్బిలికి ఫోన్ చేసి వాళ్ళ చెల్లెలితో, "మన సత్తిం ఆఫ్రికాలో మిషన్ కుడతాడంట. సిన్న మిషనంట. ఆరుగురు కలిసి కుడతారంట," అని చెప్పింది. అమ్మ గ్రైండర్ ఆపి వింది. అమ్మది వరంగల్, మాటలు ఖర్చు పెట్టే మనిషి కాదు. "ఉండనీయ్, గదే మంచిది," అని మళ్ళీ గ్రైండర్ వేసింది. అదేం మాటో నాకప్పుడు అర్థం కాలేదు. నిజం కంటే అబద్ధం ఎందుకు మంచిదయిందా అని అమ్మ మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాను.

ఆదివారం పొద్దున ఇడ్లీల టైముకి నాన్న ఫోన్ వచ్చేది. మనం మాట్లాడింది అక్కడికి చేరి, ఆయన మాట ఇక్కడికి రావడానికి మధ్య ఒక గుటక మింగేంత ఆలస్యం. ఆ ఆలస్యంలో ఆయన ఏదో కల్పిస్తున్నారని నా నమ్మకం. చెప్పేవన్నీ అలాంటి సంగతులే. జనరేటర్‌కి డీజిల్ రాలేదట, నీళ్ళ ట్యాంకర్ వాడితో ఆయనే గొడవ పడ్డారట. ఒకరు సెలవు పెడితే వాళ్ళ కుర్చీ కూడా ఈయనదేనట, అందుకని ఒక వారం వీసాలు, ఒక వారం ఖాతాలు, ఒక వారం గోడ మీద ముళ్ళకంచె. ఎడారి దుమ్ము లేచే నెలల్లో స్టాంపు మీద సిరా ఎండిపోతుందట, వానలప్పుడు ఫైళ్ళ అంచులు చెదలు తినేస్తాయట. నెలకోసారి ఊరి చివర జైలుకి వెళ్ళి అక్కడున్న ఒకే ఒక్క అమెరికన్‌ని చూసి రావాలి. ఆయన వెళ్ళిన ప్రతిసారీ అడిగేది ఒక్కటేనట, వేరుశనగ వెన్న సీసా. ఒకసారి హోటల్ గదిలో ఒక ముసలి నావికుడు పోతే, అతని కూతుర్ని ఎక్కడో వెతికి పట్టుకుని ఫోన్‌లో ఆ మాట నాన్నే చెప్పాల్సి వచ్చింది. ఆ ఆదివారం ఆయన ఇడ్లీల్లోకి ఏం చట్నీ అని మూడుసార్లు అడిగారు. ఇంకేదైనా అడిగితే మాత్రం, "అది చెప్పకూడదమ్మలూ."

ఒక ఆదివారం ఆయన అక్కడి సంతలో గోంగూర దొరికిందన్నారు. కట్టలు కట్టలుగా, ఎర్ర కాడలతో, అచ్చం మనదే, వాళ్ళూ వండుకుంటారు, పువ్వు తొడిమల్తో ఎర్రటి షర్బత్ కూడా చేసుకుంటారు అని. నాయనమ్మ ఫోన్ చేత్తో మూసేసి, నా చెవిలో, "ఒలే, ఆఫ్రికాలో గోంగూరేటి? ఈడు ఇజీనారంలోనే ఉన్నాడే!" అంది. నేను నమ్మాను. ఆ రోజంతా గ్లోబ్ ముందేసుకుని ఆఫ్రికాకీ విజయనగరానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో కొలిచాను.

ఇంకో అనుమానం ఆయన పేరుది. ఇంట్లో సత్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకొచ్చి, అసలు పేరు రెండు ముక్కలై, మూరెడు పొడుగు. ఒకసారి ఫోన్ ఎవరో వేరేవాళ్ళు ఎత్తి, శామ్ అని కేకేశారు, నాన్న వచ్చి హలో అన్నారు. ఒక మనిషికి మూడు పేర్లు ఎందుకుంటాయి? తెలుగువాళ్ళందరికీ ఉంటాయని నాకు అప్పటికి తెలీదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మార్చిలో నిఖిత పుట్టినరోజు అయింది. పిజ్జా పెట్టెలు, పులిహోర, పిల్లలు ఎగరడానికి గాలి నింపిన బౌన్సీ హౌస్. ఆ బౌన్సీ హౌస్‌లో ఎగురుతూ ఎగురుతూ నిఖిత, "మీ డాడ్ మిమ్మల్ని లీవ్ చేసి వెళ్ళిపోయాడంట కదా? మా మామ్ చెప్పింది," అంది. ఎగరడం ఆపితే ఏడుస్తానని తెలిసి ఇంకా ఎత్తు ఎగురుతూ, "వెళ్ళిపోలేదు, హీ ఈజ్ ఆన్ ఏ మిషన్," అన్నాను. ఆ ఇంగ్లిష్ ముక్కలో మిషన్ అన్న మాట గాల్లోకి లేచి వేరే మాటయిపోయి కిందికి దిగింది. పిల్లలందరూ ఎగరడం ఆపేశారు. ఆగిందాన్ని ఆగనివ్వచ్చు కదా, నేను ఆగలేదు. అక్కడ ఆయనకి వేరే పేరుందన్నాను. జైలుకి రహస్యంగా వెళతాడన్నాను. వేరుశనగ వెన్న సీసాలో ఏదో దాచి ఇస్తాడన్నాను. ఆ రోజు కేకులో మొదటి ముక్క పుట్టినరోజు పిల్లకి కాకుండా నాకిచ్చారు.

అలా మా వీధిలో మూడు మిషన్లు తిరగసాగాయి. నాయనమ్మది కుట్టేది, నాది గూఢచారిది, నాన్నది ఎవరూ నమ్మనిది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆంటీలు మా అమ్మ పళ్ళెంలో గుత్తివంకాయ వడ్డిస్తూ, "ఇంతకీ మీవారు టైలరా, స్పైయా?" అని నవ్వుతూనే అడిగేవాళ్ళు, కళ్ళు మాత్రం నవ్వేవి కాదు. అమ్మ, "గవర్నమెంట్‌ల చేస్తడు," అనేది. గవర్నమెంట్ అంటే వాళ్ళు ఇంకో అడుగు వెనక్కి వేసేవాళ్ళు. ఆ వీధిలో గ్రీన్ కార్డ్ రాని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళకి గవర్నమెంట్ అంటే ఒక అద్దం కిటికీ, అవతల ఒక మనిషి, ఆ మనిషి మొహంలో ఏం ఉందో ఎప్పటికీ తెలియకపోవడం. మా నాన్న ఆ అవతలి మనిషి అని నాకు తరవాత తెలిసింది. వీసాకి వచ్చినవాళ్ళు తిరిగి వాళ్ళ ఊరు వెళ్ళరనే ముందు అనుకోవాలి, వెళతామని వాళ్ళే నమ్మించాలి, అదీ రూలు. అనుమానించడానికి జీతం ఇస్తారని తెలిసుంటే నేను చిన్నప్పుడే అప్లికేషన్ పెట్టుకునేదాన్ని.

మే నెలలో, వడియాల కాపలాలో ఉండగా, శైలజ ఆంటీ వాళ్ళ గుమ్మంలోకి బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. మెళ్ళో బ్యాడ్జి, చేతిలో నోటుబుక్కు. నాన్నలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని కొన్నేళ్ళకోసారి మళ్ళీ పరీక్షిస్తారు. మనిషి మంచివాడేనా, చెప్పేదొకటి చేసేదొకటి కాదు కదా అని ఇరుగుపొరుగుని అడిగి రాసుకుంటారు. అందులో పాసవకపోతే ఉద్యోగం లేదు. ఇదంతా నాకప్పుడు తెలీదు. కంచెకి ఇవతల ఉడతలా నక్కి విన్నాను.

పక్కింటాయన మీకు ఎంతకాలంగా తెలుసని ఆవిడ అడిగింది. శైలజ ఆంటీ మొహంలో నెత్తురు లేదు. చేతిలో మా ఇంటి స్టీలు గిన్నె ఉంది, పొద్దునే తోడుకి పెరుగు తీసుకెళ్ళిన గిన్నె. దాన్ని మెల్లిగా వెనక్కి దాచేసి, "నో మేడమ్. వుయ్ డోంట్ నో దెమ్," అంది. మమ్మల్ని కాపాడుతున్నాననే అనుకుంది పాపం. బ్యాడ్జి వస్తే మనవాళ్ళ గురించి మనకేం తెలీదనడం ఆవిడ దృష్టిలో మర్యాద. ఇంతలో ఆంటీ మోచేతి కింద నుంచి నిఖిత తల బయటపెట్టింది. పిల్లకి తెలిసిందంతా చెప్పింది. వేరే పేరు, జైలు, సీసా, మిషన్. బూడిద కోటావిడ నోటుబుక్కులో కాగితం తిప్పింది. అప్పటిదాకా డెక్ మీద నుంచి చూస్తున్న నాయనమ్మ, ఎవరో కొడుకు గురించి అడుగుతున్నారని పోల్చుకుని, మెట్లు దిగొచ్చి, తనకొచ్చిన ఇంగ్లిష్ అంతా ఒక్కసారే వాడేసింది: "మై సన్. ఆఫ్రికా. స్మాల్ మిషన్. స్టిచింగ్, స్టిచింగ్." చేత్తో చక్రం తిప్పి కూడా చూపించింది. కోటావిడ మర్యాదగా థాంక్యూ అంది. ఆ రోజు ఉడతలు వడియాలన్నీ తినేశాయి.

జులైలో నాన్న సెలవు మీద వచ్చారు. బుగ్గలు లోపలికి పోయి, మెడ నల్లబడి, సూట్‌కేసు తెరిస్తే ఎర్రదుమ్ము వాసన. రెండోవారంలో ఆయన్ని ఆఫీసుకి పిలిచి, ఒక పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. విదేశంలో చెప్పకుండా టైలరింగ్ వ్యాపారం ఏమైనా ఉందా? వేరే పేరుతో తిరుగుతున్నారా? మూడేళ్ళుగా ఉన్న వీధిలో పక్కింటివాళ్ళకే మీరెందుకు తెలీదు? తేలేదాకా తిరిగి వెళ్ళడానికి లేదన్నారు. తేలకపోతే అసలు ఎక్కడికీ వెళ్ళడానికి లేదు. సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన నెమ్మదిగానే ఇవి అమ్మకి చెబుతున్నారు. నేను పప్పన్నంలో గీతలు గీస్తున్నాను.

"వ్యాపారం అంటే మా అమ్మ సంగతి, అర్థమైంది. ఈ రెండో పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా సీసా ఒకటి."

అమ్మ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే చూసింది.

"నేనే చెప్పాను," అన్నాను.

అరుస్తారనుకున్నాను. నాన్న చెంచా కింద పెట్టి, చేతులు టేబుల్ మీద ఒకదాని మీద ఒకటి వేసుకుని, నేను అంతకుముందెప్పుడూ వినని గొంతుతో అడిగారు.

"ఎవరెవరికి చెప్పావు?"

చెప్పాను.

"ఎందుకు చెప్పావు?"

మీరు మమ్మల్ని వదిలేసి పోయారన్నారని చెప్పాను. ఆయన కళ్ళు ఒక్కసారి కదిలాయి. గొంతు మాత్రం కదల్లేదు.

"ఇంకేమైనా ఉందా?"

అంతే. మా మధ్య అద్దం లేదు గానీ, ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళకి ఎలా ఉంటుందో నాకా పూట తెలిసింది. నిజమే చెబుతున్నా అబద్ధంలాగే వినబడుతుంది, నీ గొంతు నీకే నచ్చదు.

నాయనమ్మ వెంటనే శైలజ దగ్గరకి పోతానని చెప్పులు వేసుకుంది. నాన్న ఆపేశారు. ఎవరికీ ఏమీ నేర్పకూడదు, అడగకూడదు, అది ఇంకా తప్పవుతుంది అన్నారు. "కూతురికి నేర్పకపోతివి, పక్కింటామెకేం నేర్పుతవ్?" అంది అమ్మ. ఆ సెలవుల్లో అమ్మ ఖర్చు పెట్టిన పొడుగాటి మాట అదే.

మర్నాడు నేనే వెళ్ళాను. నిఖితకి సారీ చెప్పడానికే వెళ్ళాను, అది నేర్పడం కాదని రాత్రంతా నాకు నేను వాదించుకున్నాను. కొలువు పెట్టే బేస్‌మెంట్‌లో అది డైనోసార్లతో ఆడుతుంటే, అంతా నేను కల్పించానని, మా నాన్నకి రహస్యాల్లేవని, ముళ్ళకంచెలూ నీళ్ళ ట్యాంకర్లూ చూసుకుంటాడని, ఇప్పుడు నా వల్ల ఉద్యోగం పోవచ్చని చెప్పాను. ఉద్యోగం అనేసరికి ఏడుపొచ్చేసింది. మెట్ల మీద బట్టల బుట్టతో శైలజ ఆంటీ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో నాకు తెలీదు. "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది.

మూడు వారాలకి బూడిద కోటావిడ మళ్ళీ వచ్చింది. ముందు చెప్పింది అబద్ధమని బ్యాడ్జి ముందు ఒప్పుకుంటే తన కాగితాలకే మచ్చ అని ఆంటీకి బాగా తెలుసు. నిఖిత వాళ్ళ నాన్న వద్దన్నాడని కూడా తరవాత విన్నాం. ఆంటీ ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టలేదు. లోపలికి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, పులిహోర పెట్టి, "లాస్ట్ టైమ్ ఐ వాజ్ స్కేర్డ్, సో ఐ సెడ్ రాంగ్," అని మొదలుపెట్టి, ఇక ఆపలేదట. నాన్న నిచ్చెన తీసుకుని మెట్టు విరగ్గొట్టి ఇచ్చారు, విరిగిందని ఆయనే చెప్పి ఆయనే బాగుచేశారు. సెలవు మీద ఉన్నప్పుడు మంచు పడితే మా రెండిళ్ళ ముందూ ఆయనే తవ్వుతారు. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా గడియారం చూస్తారు. ఆయనకి స్పై అయ్యేంత తెలివి లేదు, మూడేళ్ళుగా చెత్తబుట్ట ఏ రోజు బయట పెట్టాలో తెలీదు. ఆవిడ ఏడు పేజీలు రాసుకుందని నిఖిత లెక్కపెట్టి చెప్పింది.

సెప్టెంబరులో నాన్న తిరిగి ఆఫ్రికా వెళ్ళారు. ఆదివారాల ఫోన్లూ మొదలయ్యాయి. కానీ ఆ తరవాత నాతో మాట్లాడే మాటలు మారాయి. వాతావరణం, చదువు, ఇడ్లీ. జైలు మనిషికి సీసా అందిందా అని ఒకసారి అడిగాను. గుటకంత ఆలస్యం తరవాత, "బాగానే ఉన్నాడమ్మలూ," అన్నారు. ఆ ఆలస్యం ఫోనుది కాదని నాకు తెలుసు.

రెండేళ్ళకి ఆ దేశంలో ఆయన పని ముగిసి వచ్చేటప్పుడు ఒక చెక్కపెట్టె తెచ్చారు. తెరిస్తే చేత్తో తిప్పే నల్లటి పాత కుట్టు మిషన్, నూనె వాసన గుప్పున కొట్టింది. అక్కడి సంతలో ఒక ముసలి టైలర్ దగ్గర కొన్నారట. నాయనమ్మ ముందు పెట్టి, "ఇదిగోనమ్మా, నా చిన్న మిషన్," అన్నారు. నాయనమ్మ అమ్మ వైపూ, నా వైపూ, కంచెవతల శైలజ ఆంటీ ఇంటి వైపూ గెలిచినట్టు చూసి, "నేను సెప్పలేదేటి?" అంది. ఆ మిషన్ మీదే ఆవిడ నాకు కాజాల దగ్గర్నుంచి నేర్పింది. నల్లగుడ్డ మీద టైలర్ చాక్‌తో అక్షరాలు రాయించి, వాటి మీదే కుట్టించింది. అ కుట్టడం తేలిక, ణ కుట్టి చూడండి. ఇంగ్లిష్ బడి నన్ను వదిలేసినా ఆ బడి వదల్లేదు. ఒకరోజు దారం ఎక్కిస్తూ అడిగాను, నీకు నిజంగా నాన్న ఉద్యోగం ఏమిటో తెలీదా అని. పళ్ళతో దారం తెంపి, నెమ్మదిగా అంది: "టైలరంటే ఎవులికీ పనుండదే గుంటా. ఆఫీసరంటే నలుగురి కళ్ళూ ఆడి మీదే."

నేను చక్రం తిప్పడం ఆపేశాను. ఇన్నేళ్ళూ నేను అందర్నీ అనుమానించాను, ఆవిణ్ణి తప్ప.

ఇప్పుడా గుర్రాల పచ్చిక లేదు. అక్కడా కిటికీలు లేని బిల్డింగే, ఎండాకాలం దాని చప్పుడు మా డెక్ దాకా వినబడుతుంది. కప్పల గుంట మీద పార్కింగ్ లాట్. శైలజ ఆంటీ వాళ్ళు ఎక్కడో దూరాన చాండ్లర్ అనే ఊరు వెళ్ళిపోయారు, గ్రీన్ కార్డ్ వచ్చాకే వెళ్ళారు. మా స్టీలు గిన్నె వాళ్ళతోనే పోయింది. ఆ ఇంట్లో ఇప్పుడెవరుంటారో తెలీదు, ఎవరైనా వచ్చి అడిగితే తెలీదన్న మాటే నిజమవుతుంది. నాయనమ్మ లేదు. అమ్మ ఇంకా తక్కువ మాట్లాడుతుంది. నాన్న రిటైరయ్యాక మంగళవారాలు కొట్టుకొచ్చి, కిటికీ పక్క కుర్చీలో ఆ చేతి మిషన్ దగ్గర కూర్చుని, లూజు చెయ్యాల్సిన జాకెట్లకి పాత కుట్లు విప్పుతారు. ఒక్కో కుట్టూ గుడ్డ చిరక్కుండా, తొందర లేకుండా. ఏం ఆలోచిస్తున్నారని నేను అడగను.

మొన్న మంగళవారం కొత్తగా వచ్చిన ఒక ఆంటీ ఆది జాకెట్టు బల్ల మీద పెట్టి, మామూలు ప్రశ్నలన్నీ వేసి, "నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అంది.

"మిషన్‌లో పని చేసేవారండీ," అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆవిడ నల్ల మిషన్ వైపు చూసింది, దాని పక్కన తల వంచుకుని కుట్లు విప్పుతున్న మనిషిని చూసింది, తృప్తిగా తల ఊపింది. "అనుకున్నా. ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తోంది."

నాన్న తల ఎత్తలేదు. ఆవిడ తలుపు మూసుకుని వెళ్ళాక, ఇంకో కుట్టు విప్పి, ఆ పాత గొంతుతోనే అడిగారు.

"ఇంకెవరెవరికి చెప్పావు?"